బస్సు చప్పుడుకు భయపడే గైడ్ డాగ్ పిల్ల

నమస్తే అండీ. చూపులేనివాళ్లకు దారిచూపే కుక్కల్ని (గైడ్ డాగ్స్) తయారుచేసే అమెరికా సంస్థ ది సీయింగ్ ఐ వాళ్లకోసం మీరు పెంచుతున్న నాలుగు నెలల లాబ్రడార్ పిల్ల బస్సు చప్పుడుకు కదలకుండా కూర్చుండిపోతోందన్నారు. టెన్షన్ పడకండి, ఈ వయసులో ఇది మామూలే. లీష్ పట్టి మాత్రం లాగొద్దు, భయం ముదురుతుంది. బస్సు కనబడుతున్నా అది హాయిగా తినగలిగేంత దూరంలో నిలబడండి. బస్సు వచ్చినప్పుడల్లా దాని తిండిలోంచి కొంచెం పెట్టండి, వెళ్లిపోగానే ఆపేయండి. తినడం మానేసిందంటే మరీ దగ్గరికి వెళ్లారన్నమాట, వెనక్కి జరగండి. ఒళ్లు వదులయ్యాకే నాలుగడుగులు ముందుకు. ఐదు నిమిషాలు చాలు, అలసిపోకముందే ఇంటికి తీసుకెళ్లండి. సంస్థ తరఫున మీకు సాయపడే ఏరియా కోఆర్డినేటర్‌కు ఇవాళే చెప్పండి, దయచేసి దాచొద్దు. అసలు శిక్షణ మొదలయ్యేది ఏడాది దాటాకే కదా, బోలెడు టైముంది.