సైకాలజీ తీసుకుంటానంటే కంగారు వద్దు

ఇంగ్లండ్ వచ్చి రెండేళ్లయింది, బడిలో ఇయర్ 11 చదువుతున్న మీ అమ్మాయి ఏ-లెవెల్స్‌లో (మన ఇంటర్ లాంటి రెండేళ్ల చదువు) సైకాలజీ తీసుకుంటానంటోంది, ఇక డాక్టరు కాలేదేమోనని మీ బెంగ. మా అమ్మాయి అడిగినప్పుడు నేనూ వారం రోజులు సరిగ్గా నిద్రపోలేదు.

ముందు ఒక ముడి విప్పుకుందాం. మందులు రాసే సైకియాట్రిస్ట్ కావాలంటే మెడిసిన్ చదవాల్సిందే. చాలా మెడికల్ కాలేజీలు కెమిస్ట్రీ అడుగుతాయి. కెమిస్ట్రీ, బయాలజీ ఉంచుకుని మూడోదిగా సైకాలజీ పెట్టుకుంటే చాలాచోట్ల చెల్లుతుంది. కాలేజీవారీగా నిబంధనలు మాత్రం చూసుకోండి.

సైకాలజీ అంటే కబుర్లనుకోకండి. మార్కుల్లో కనీసం 10 శాతం లెక్కలవే. పైవాడు ఆజ్ఞాపిస్తే మనిషి ఎంతదాకా లొంగుతాడో చూసిన మిల్‌గ్రామ్ ప్రయోగంలో 40 మందిలో 26 మంది, అవతలి మనిషికి షాక్ తగులుతోందని నమ్మి కూడా 450 వోల్టుల దాకా ఎందుకు వెళ్లారో మా అమ్మాయి భోజనాల దగ్గర చెబుతుంటే ఇంటిల్లిపాదీ తినడం ఆపేసి విన్నాం.

క్లినికల్ సైకాలజిస్ట్ దారి మాత్రం పొడుగు. బ్రిటిష్ సైకలాజికల్ సొసైటీ గుర్తించిన డిగ్రీ, తర్వాత కొన్నేళ్లు అసిస్టెంటు పనుల్లాంటి అనుభవం, ఆపైన మూడేళ్ల డాక్టరేట్. ఇంగ్లండ్‌లో ఆ డాక్టరేట్ సీటుకి ఎన్‌హెచ్ఎస్ (ప్రభుత్వ వైద్య సేవ) ఫీజు కట్టి జీతం కూడా ఇస్తుంది, అందుకే పోటీ విపరీతం. ఆరోగ్య వృత్తులను నియంత్రించే హెచ్‌సీపీసీ అనే సంస్థలో నమోదైతేనే క్లినికల్ సైకాలజిస్ట్ అన్న పేరు పెట్టుకోవాలి. బడిపిల్లలతో పనిచేసే ఎడ్యుకేషనల్ సైకాలజిస్టులకూ డాక్టరేట్ కావాలి. అంత ఓపిక లేకపోతే టాకింగ్ థెరపీల్లో (మాటలతో చేసే చికిత్స) తక్కువ కాలం శిక్షణతో చేరే ఉద్యోగాలున్నాయి.

మా అత్తగారు ఇక్కడికొచ్చాక డీలాపడిపోయారు. "గుండెల్లో గాబరాగా ఉందమ్మా" అంటే దుబాసీ డాక్టరుకి అది గుండె నొప్పిగా చెప్పారు. పరీక్షలన్నీ అయ్యాయి, ఆవిడ దిగులు మాత్రం ఎవరికీ అందలేదు. తెలుగు తెలిసిన మనస్తత్వ నిపుణులు మన పెద్దవాళ్లకి ఎంత అవసరమో నాకు అప్పుడు తెలిసొచ్చింది. మా అమ్మాయి ఈ దారి పట్టడానికి కారణం కూడా అదే.

మీరు ఇంకా వర్క్ వీసా మీదే ఉన్నారు కదా, డబ్బు లెక్క ఇప్పుడే వేసుకోండి. డిగ్రీ మొదలయ్యే రోజుకి పీఆర్ (ఇక్కడ శాశ్వతంగా ఉండే హక్కు) చేతిలో లేకపోతే విదేశీ విద్యార్థులు కట్టే ఇంటర్నేషనల్ ఫీజు పడొచ్చు. మీ పీఆర్ తేదీ, అమ్మాయి డిగ్రీలో చేరే ఏడు పక్కపక్కన రాసుకుని చూడండి. తేడా కొన్ని నెలలే అయితే, ఒక ఏడాది ఆగి చేరడం గురించి అమ్మాయితో ఇప్పటినుంచే మాట్లాడండి.