పాత బొమ్మల్లో కట్టుబట్టను చూసి మనిషి అంతస్తు చెప్పగలమా?

చెప్పొచ్చు. కానీ కుంచెను నమ్మి కాదు, నేత తెలిస్తేనే.

నేను చెప్పే బొమ్మలు ఈస్టిండియా కంపెనీ కాలం నాటి ‘కంపెనీ చిత్రాలు’. 1800 ప్రాంతంలో తంజావూరు, పాట్నా వైపు చిత్రకారులు ఇంగ్లీషు దొరలకి వేసి అమ్మినవి. కులానికో జంట, చేతిలో పనిముట్టు, వెనకంతా ఖాళీ. తిరుచిరాపల్లిలో అభ్రకం రేకుల మీద కూడా వేసేవారు. దొరలు కట్టలు కట్టలు కొని స్వదేశానికి పట్టుకుపోయేవారు.

మాది ఒడిశాలోని గంజాం జిల్లా బరంపురం, నేత కుటుంబం. అలాంటి నేతగాడి జంట బొమ్మ ఒకటి ప్రింటు తీయించి మా మామ్మకి చూపించాను. ఆవిడ మొహాల వంక చూడనేలేదు. కళ్ళజోడు సవరించుకుని చీర అంచు వెంబడి గోరు జరుపుకుంటూ పోయింది. "ఏటే ఇది? ఈళ్ళకింత కడిగినట్టున్న అంచు ఎవుడు నేసాడు?" అంది.

అసలు కిటుకంతా అందులోనే ఉంది. పేకను, అంటే అడ్డపోగును, అటూ ఇటూ తీసుకుపోయే పనిముట్టు నాడె. ఒకే నాడెతో ఈ చివర నుంచి ఆ చివరకి నేస్తే, చీర ఒంటి రంగు పేక అంచులోకీ వచ్చేస్తుంది. పసుపు చీరకి ఎర్రంచు పెడితే ఆ ఎరుపు మసకబారుతుంది. నిఖార్సైన ఎరుపు రావాలంటే అంచులకి వేరే నాడెలు కావాలి, వరస వరసకీ ఒంటి పేకను అంచు పేకతో మెలిపెట్టాలి, పక్కన ఇంకో మనిషి సాయం ఉండాలి. గుడి గోపురాల్లా పళ్ళు పళ్ళుగా ఉండే మా కుంభం అంచుకి పట్టే శ్రమ అదే. అంత కూలి ఇచ్చుకోగలిగినవాళ్ళే ఆ అంచు కట్టేవారు. బొమ్మలో మాత్రం రంగు ముంచి గీత గీస్తే చాలు, కూలివాడికీ జమీందారు అంచు వచ్చేస్తుంది!

పుస్తకాలవాళ్ళతో నాకింకో పేచీ ఉంది. "మద్రాసు ప్రెసిడెన్సీ నేతగాడు" అని ఒక్క తంజావూరు బొమ్మ వేసి ఊరుకుంటారు. మా గంజాం కూడా 1936 దాకా ఆ ప్రెసిడెన్సీలోదే. మా కుంభం ఆ బొమ్మలో ఎక్కడుంది? మగవాళ్ళు పెళ్ళిళ్ళకి, పూజలకి కట్టే పట్టు జోడు, అంటే పంచె, ఉత్తరీయం, ఎక్కడుంది?

కొందరు చట్టాలు చూపిస్తారు. 1574లో ఎలిజబెత్ రాణి ఎవరు ఏ పట్టు తొడగాలో ఇంగ్లండులో ఫర్మానా ఇచ్చింది కదా, బట్టే అంతస్తు అంటారు. ఎవరూ తొడగనిదాన్ని ఎవరైనా నిషేధిస్తారా? కిందివాళ్ళు తొడిగేస్తున్నారు కాబట్టే ఆ ఫర్మానా.

ఇప్పుడు బజారులో పాలిస్టరు మీద కుంభం అచ్చు కొట్టి బరంపురం పట్టని అంటగడుతున్నారు. కొనేముందు చీర తిరగేయండి. అచ్చుదైతే వెనకవైపు రంగు వెలిసినట్టు కనబడుతుంది.