హోస్టింగ్ వాళ్లు రోజూ బ్యాకప్ తీస్తున్నా మనం వేరే చోట కాపీ పెట్టుకోవాలా?

మీ బడి పూర్వ విద్యార్థుల సైట్‌ని తన సర్వర్‌లో ఉంచే హోస్టింగ్ కంపెనీ రోజూ బ్యాకప్ తీస్తోంది కదా, హ్యాకర్లు పడ్డా మర్నాడు తిరిగి పెట్టుకోవచ్చు, ఇంకో కాపీకి డబ్బు దండగ కాదా అని అడిగారు. దండగ కాదండీ. 2021 దసరా ముందు వరకు నేనూ మీలాగే అనుకున్నాను.

మేం పదకొండు మందిమి కలిసి పాత పాటల సైట్ నడుపుతున్నాం. సినిమా పాటలు కాదు. దంపుళ్ల పాటలు, పెళ్లి పాటలు, లాలి పాటలు ఇంట్లో పెద్దవాళ్లు పాడుతుంటే ఫోన్‌లో రికార్డు చేసి ఎక్కిస్తాం, తమ వైపు ఎలా పాడతారో సభ్యులు కింద రాస్తారు. ఒకరోజు పొద్దున్నే ఐదింటికి డల్లాస్‌లో ఉండే కుర్రాడు ఒకతను ఫోన్ చేసి, "అన్నా, సైట్ తెరిస్తే నల్ల పేజీ మీద ఏదో రాసుంది, నువ్వేమైనా మార్చావా?" అన్నాడు. నేనేం కంగారు పడలేదు, నిజం. నిన్నటి బ్యాకప్ మీద నొక్కితే అయిపోతుంది కదా అని తాపీగా మొహం కడుక్కుని వచ్చి హోస్టింగ్ వాళ్ల కంట్రోల్ ప్యానెల్ (సైట్ సెట్టింగ్‌లూ బ్యాకప్‌లూ ఉండే పేజీ) తెరిచాను. ఏడు రోజుల వరస ఉండాల్సిన చోట ఒక్కటీ లేదు. మూడోసారి రిఫ్రెష్ కొట్టేసరికి కాళ్లూ చేతులూ ఆడలేదు.

తర్వాత తేలిందేంటంటే, మాలో ఒకాయన మెయిల్‌కీ ప్యానెల్‌కీ ఒకటే పాస్‌వర్డ్ పెట్టుకున్నాడు, అది ఎక్కడో లీకైంది. వచ్చినవాడు ముందు బ్యాకప్‌లు తుడిచేసి, ఆ తర్వాతే సైట్ జోలికి వెళ్లాడు. కస్టమర్ కేర్ వాళ్లని అడిగితే, మీ లాగిన్‌తోనే డిలీట్ అయినట్టు ఉంది సార్ అన్నారు, వాళ్ల లెక్కన అది నిజం కూడా. ఇంటి తాళం చెవీ బీరువా తాళం చెవీ ఒకే గుత్తికి వేసి గుమ్మానికి తగిలించింది మేమే.

ఇది చిన్నవాళ్లకే జరుగుతుందనుకోకండి. 2014 జూన్‌లో కోడ్ స్పేసెస్ అని, ప్రోగ్రామర్ల కోడ్ దాచిపెట్టే కంపెనీ ఒకటి ఇలాగే పోయింది. అమెజాన్ క్లౌడ్‌లో వాళ్ల ఖాతాలోకి ఎవడో దూరి డబ్బు అడిగాడు. వీళ్లు పాస్‌వర్డ్‌లు మార్చి వాణ్ని గెంటబోతే, ముందే వేరే లాగిన్‌లు చేసి పెట్టుకున్నవాడు దొరికింది దొరికినట్టు చెరిపేశాడు. ఆఫ్‌సైట్, అంటే వేరే చోట ఉన్నాయని వాళ్లు చెప్పుకున్న బ్యాకప్‌లు కూడా చాలావరకు అందులోనే పోయాయి. పన్నెండు గంటల్లో అంతా అయిపోయి కంపెనీ మూతపడింది. దీనికి ఎదురు ఉదాహరణ మన దగ్గరే ఉంది. 2022 నవంబర్‌లో ఢిల్లీ ఎయిమ్స్ ఆసుపత్రి మీద ర్యాన్‌సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రామ్) పడి అయిదు సర్వర్లలో దాదాపు 1.3 టీబీ డేటాకు తాళం పడింది, రోజుల తరబడి పనంతా కాగితాల మీదే చేశారు. అయినా ఆసుపత్రి పనులు నడిపే ఈ-హాస్పిటల్ సాఫ్ట్‌వేర్ డేటా తిరిగొచ్చిందంటే, దాడికి అందని బ్యాకప్ సర్వర్ ఒకటి మిగిలి ఉండబట్టే.

మాకు కాస్తైనా మిగిలింది రాజమండ్రిలో ఉండే ఒక రిటైర్డ్ మాస్టారి చలవ. నెట్ లేనప్పుడు పాటలు ఎలా వినాలయ్యా అని అంతకుముందు నాచేత సైట్ మొత్తం హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించుకున్నారు. వెళ్లి అడిగితే, తువ్వాలులో చుట్టి బిస్కెట్ల డబ్బాలో దాచిన డిస్క్ తెచ్చి ఇచ్చారు, మూత మీద స్కెచ్ పెన్‌తో తేదీ రాసి ఉంది. ఆ తేదీకి పద్నాలుగు నెలలు దాటాయి. ఆ పద్నాలుగు నెలల ఆడియో చాలావరకు వాట్సాప్‌లోంచీ సభ్యుల ఫోన్లలోంచీ ఏరుకున్నాం. కింద రాసినవే రాలేదు. ఒక దంపుళ్ల పాట కింద శ్రీకాకుళం, నెల్లూరు, కరీంనగర్ వాళ్లు తమ ఇళ్లలో పాడే చరణాలు రాసి, ఏ మాట ఎక్కడ మారిందో తెగ వాదించుకున్నారు. పాట దొరికింది, చరణాలు లేవు. మళ్లీ రాయమంటే ఒకావిడ, "అప్పుడు అమ్మని అడిగి రాశానండీ, ఇప్పుడు అమ్మకి గుర్తు రావట్లేదు" అంది.

ఇప్పుడు మా ఇంట్లో ఒక మూలన ఉన్న పాత కంప్యూటర్ రాత్రిపూట సర్వర్‌లోకి లాగిన్ అయి, సభ్యులు రాసినవి ఉండే డేటాబేస్‌నీ పాటలుండే అప్‌లోడ్స్ ఫోల్డర్‌నీ తనే లాక్కుంటుంది. సర్వర్ ఇటు పంపదు. కిటుకంతా ఇక్కడే ఉంది: సర్వర్‌లో మా ఇంటి కంప్యూటర్ పాస్‌వర్డ్ ఉండదు కాబట్టి, సర్వర్ మొత్తం ఎవడి చేతిలో పడ్డా వాడు కాపీ దాకా రాలేడు. నెలకోసారి ఇంకో డిస్క్‌లో వేసి, కేబుల్ పీకేసి మాస్టారింటికి పంపిస్తాం (డబ్బా అదే). సభ్యుల ఫోన్ నంబర్లు ఉంటాయి గనక డిస్క్‌ని పాస్‌వర్డ్ లేనిదే ఎవరూ చదవలేకుండా ఎన్‌క్రిప్ట్ చేస్తాం, ఆ పాస్‌వర్డ్ కాగితం మీద రాసి ఇద్దరి దగ్గర ఉంటుంది.

గూగుల్ డ్రైవ్‌తో సింక్ పెట్టాం కదా అంటారేమో, ఇక్కడ చెరిపితే అక్కడా చెరిగిపోయేదాన్ని నమ్ముకోకండి. పాత కాపీ మీదే కొత్తది రాసేయకండి కూడా, ఎందుకంటే దూరినవాడు మూడు వారాలు చడీచప్పుడు లేకుండా కూర్చుంటే మీ ఏడు రోజుల కాపీల్లోనూ వాడి ఫైళ్లే ఉంటాయి. మేం రోజువారీవి 14, వారానివి 8, నెలవి 12 ఉంచుకుంటాం. తిరిగి పెట్టేటప్పుడు సాఫ్ట్‌వేర్ కొత్తగా దించుకోండి, కాపీలోంచి డేటా మాత్రమే తీసుకోండి.

ఇంకోటి, తీసిన కాపీని అప్పుడప్పుడు తెరిచి చూడండి. మొదట్లో కాపీ తీసే మా స్క్రిప్టు (చిన్న ప్రోగ్రామ్) రోజూ "అయింది" అని మెయిల్ పంపేది. ఒకరోజు చూస్తే డేటాబేస్ ఫైల్ సైజు సున్నా. పాస్‌వర్డ్ మార్చి, ఆ స్క్రిప్టులో మార్చడం మర్చిపోయాను.

మీది 40 జీబీ అన్నారు కాబట్టి ఈ రాత్రికే ఒక ఫుల్ కాపీ దించి, డిస్క్ పీకి పక్కన పెట్టేయండి, మిగతా ఏర్పాట్లు నిదానంగా చేసుకోవచ్చు. నేను వాడే స్క్రిప్టు కావాలంటే చెప్పండి, మా పాస్‌వర్డ్‌లు తీసేసి ఇస్తాను.