1943 కుర్‌స్క్ నాటి పాంజర్ 4కి డుంకెల్‌గెల్బ్: సరైన హెక్స్ కోడ్ ఏది?

మీరు రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ, సోవియట్ సేనలు తలపడ్డ తూర్పు రంగం, 1943 వేసవి నేపథ్యంగా వార్‌గేమ్ మాడ్ (ఉన్న ఆటకి సొంతంగా చేసే మార్పు) చేస్తున్నారు. పాంజర్ 4 అనే జర్మన్ ట్యాంకుకి డుంకెల్‌గెల్బ్, అంటే ముదురు పసుపు వేయాలి. నెట్‌లో ఒక్కో చోట ఒక్కో హెక్స్ కోడ్ (కంప్యూటర్‌లో రంగుని సూచించే కోడ్) ఇస్తున్నారు, ఏది నమ్మాలి అని అడిగారు. నేను నాలుగేళ్లుగా ఇలాంటి ఆటకే ట్యాంకుల టెక్స్‌చర్లు (3డీ మోడల్ మీద పరిచే బొమ్మలు) చేస్తున్నాను కాబట్టి చెబుతున్నాను: కోడ్ సంగతి కాసేపు పక్కన పెట్టండి. ముందు మీ ట్యాంకు ఫ్యాక్టరీ నుంచి ఎప్పుడు బయటికొచ్చిందో తేల్చుకోండి. రంగులు, చారలు, చివరికి పెచ్చులు లేచిన చోట్లు కూడా దాన్నిబట్టే ఉంటాయి.

1940 జూలై చివర్లో వచ్చిన ఆదేశంతో జర్మన్లు ట్యాంకులకి ముదురు బూడిద రంగు ఒక్కటే వేశారు. రాల్ అనే జర్మన్ రంగుల పట్టికలో 7021 అంటే అదే. ఆఫ్రికాకి పంపినవాటి లెక్క వేరు. 1943 ఫిబ్రవరి 18 ఆదేశంతో అంతా మారిపోయింది. ఫ్యాక్టరీలో అడుగు రంగుగా రాల్ 7028 డుంకెల్‌గెల్బ్ వేసి పంపేవారు. దానిపైన శత్రువు కంటపడకుండా చారలు వేసుకోవడానికి ఆలివ్ ఆకుపచ్చ, ఎర్ర గోధుమ రంగులు ముద్దలా డబ్బాల్లో యూనిట్లకే ఇచ్చారు. ఆ ముద్దని పెట్రోలులోనో నీళ్లలోనో కలిపి సిబ్బంది స్వయంగా కొట్టుకున్నారు. నీళ్లలో కలిపింది వానకి చెదిరిపోయేది. అందుకే ఒకే కంపెనీలో కూడా రెండు ట్యాంకులు ఒకేలా కనిపించవు.

ఇక అసలు విషయం. కుర్‌స్క్ యుద్ధం మొదలైంది 1943 జూలై 5న. అప్పటికి యూనిట్లలో రెండు రకాల ట్యాంకులున్నాయి: కొత్తగా పసుపు రంగుతోనే వచ్చినవి, పాత బూడిద రంగు మీద పసుపు పూయించుకున్నవి. ఆటలో రెండూ ఒకేలా కనిపించినా, పెయింటు లేచిన చోట తేడా తెలిసిపోతుంది. కొత్తదాంట్లో పసుపు కింద ఇటుక రంగు ప్రైమర్ (ఉక్కు మీద మొదట వేసే పూత) బయటపడుతుంది. పాతదాంట్లో ముందు బూడిద పొర, ఇంకా లోతుగా గీరుకుంటేనే ప్రైమర్. నేను మొదట చేసిన సెట్‌లో అన్నిటికీ మెరిసే ఉక్కు గీతలే పెట్టాను. మాడ్ విడుదలైన వారానికి ఒకాయన అదే పట్టుకుని అడిగారు. ఆయన అడిగింది న్యాయమే. ఆ రాత్రే కూర్చుని లేయర్లు మళ్లీ కట్టాను: ఉక్కు, ప్రైమర్, బూడిద, పసుపు, పైన చారలు, అన్నిటి మీదా దుమ్ము. ఒక్క బూడిద లేయర్ ఆపితే కొత్త ట్యాంకు, ఆన్ చేస్తే పాతది. పని ఒకసారే, వాహనాలు రెండు.

రంగు విలువల కోసం నేను బాలానగర్‌లో ఒక పౌడర్ కోటింగ్ షాపుకి వెళ్లాను. కిటికీ గ్రిల్స్‌కి రంగు ఎంచుకోవడానికి వాళ్ల దగ్గర రాల్ షేడ్ కార్డు ఉంటుంది. 6003 ఆలివ్ ఆకుపచ్చ, 8017 గోధుమ రంగు రెండూ అందులో ఉన్నాయి. 8017ని ఇప్పుడు చాక్లెట్ బ్రౌన్ అంటున్నారు. 7028 మాత్రం లేదు, ఆ నంబరు ఇప్పటి పట్టికలోంచి తీసేశారు. అందుకే మీకు దొరికే కోడ్‌లన్నీ ఎవరికి వారు వేసిన అంచనాలే. నేను ఆ రెండు రంగుల్నీ ముందు స్థిరం చేసుకుని, వాటి పక్కన పసుపు ఎంత లేతగా కనబడాలో నాటి ఫొటోలతో పోల్చి సరిచూసుకున్నాను. ఎస్‌ఆర్‌జీబీలో, అంటే తెర మీది ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువల్లో, 152, 138, 98 దగ్గర ఆగాను; హెక్స్‌లో రాస్తే #988A62. ఒక్కో ట్యాంకుకి దాన్ని కొంచెం అటూ ఇటూ జరుపుతాను. యుద్ధకాలంలో పెయింటు ఎక్కడా ఒకే తీరుగా రాలేదు కాబట్టి ఆ తేడా ఉంటేనే నిజానికి దగ్గర.

ఫొటోలకి జర్మన్ ఫెడరల్ ఆర్కైవ్స్ 2008 చివర్లో వికీమీడియా కామన్స్‌కి ఇచ్చిన దాదాపు 80 వేల బొమ్మలు పెద్ద నిధి. నలుపు తెలుపు ఫొటోలో ఆకుపచ్చ, ఎర్ర గోధుమ దాదాపు ఒకే బూడిదలా పడతాయి, అక్కడ తొందరపడకండి. మ్యూజియం ట్యాంకు ఫొటో నుంచి రంగు మాత్రం తీసుకోవద్దు, చాలావాటికి తర్వాత మళ్లీ పెయింటు వేశారు.

దుమ్ము దగ్గర నాకు అలవాటు అడ్డొచ్చింది. చిన్నప్పట్నుంచీ చూసిన ఎర్రమట్టినే చక్రాలకి పూసేశాను. కుర్‌స్క్ ప్రాంతానిది చెర్నోజెమ్, నల్లనేల. మన రేగడి గుర్తు తెచ్చుకుంటే దారి దొరుకుతుంది: తడిగా ఉంటే నల్లగా అంటుకుంటుంది, ఎండితే బూడిద కలిసిన గోధుమ రంగు. తుప్పు చాలా తగ్గించండి. ఆ ట్యాంకులు చాలావరకు నెలల వయసువే. పెయింటు కాలిపోయే సైలెన్సర్ మీద సరే. ట్రాక్‌ల మీద నేలకి రాసుకునే భాగం మెరుస్తుంది, మిగతాది ముదురుగా మట్టికొట్టుకుని ఉంటుంది. అయస్కాంత మందుపాతరలు అంటుకోకుండా వేసే జిమ్మెరిట్ పూత అసలు వద్దు, కుర్‌స్క్ నాటికి అది రాలేదు.

ఎక్కడ లోహంలా మెరవాలో ఆటకి చెప్పే మెటాలిక్ మ్యాప్‌లో పెయింటంతా సున్నా, బయటపడ్డ ఉక్కు మాత్రమే ఒకటి. కొలత కూడా చూసుకోండి: టెక్స్‌చర్లన్నీ ఒకచోట పేర్చిన నా అట్లాస్‌లో ట్యాంకు మీద మీటరుకి 200 పిక్సెళ్లు, అంటే పిక్సెల్‌కి 5 మిల్లీమీటర్లు. పది పిక్సెళ్ల పెచ్చు గీశామంటే అది అయిదు సెంటీమీటర్ల గాయం! అంచులన్నిటికీ అలాంటివి వేస్తే ట్యాంకు బొమ్మలా అయిపోతుంది.

టరెట్ (పైన తిరిగే ఫిరంగి భాగం) మీది నంబర్లు వేరే డెకాల్‌గా, అంటే పైన అంటించే స్టిక్కర్‌లా పెట్టండి. 523 అంటే అయిదో కంపెనీ, రెండో ప్లటూన్, మూడో ట్యాంకు. యూవీని (మోడల్ ఉపరితలాన్ని చదునుగా పరిచిన పటాన్ని) అద్దంలా మడిచి రెండు వైపులకీ ఒకే బొమ్మ వాడితే అంకెలు తిరగబడతాయి, చారలు కూడా రెండు వైపులా ఒకేలా వచ్చి కంటికి కొడతాయి.

పక్కలకి వేలాడే షూర్ట్సెన్ రేకులు మీ మోడల్‌లో విడివిడిగా ఉన్నాయా? సోవియట్ ట్యాంక్ నిరోధక రైఫిళ్ల నుంచి కాపాడటానికి పెట్టిన 5 మిల్లీమీటర్ల రేకులవి, తగిలితే వంగేవి, ఊడిపోయేవి. ఒకటి రెండు తీసేసి చూడండి. తీసేసిన రేకు వెనక హల్ (ట్యాంకు ఒళ్లు) మీద చారలు కొన్నిచోట్ల అర్ధాంతరంగా ఆగిపోయి ఉండాలి, ఎందుకంటే రేకు తగిలించాక కొట్టిన రంగు దాని వెనక్కి పోదు.