పాత ఇంటి చుట్టూ నాణేలు వెతికే ముందు

చిరంజీవి రాజేందర్‌కు పెద్దబాపు ఆశీస్సులు.

మెటల్ డిటెక్టరు కొన్నావని, పరకాల దగ్గరి మన పాత పెంకుటింటి చుట్టూ నాణేలు వెతకాలని ఉందని రాశావు. యంత్రం సంగతి దానితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది గాని, ఆ ఇంట్లో మనుషులు ఎక్కడ కూర్చునేవారో, ఎక్కడ వంగి పనిచేసేవారో అందులో ఉండదు. ముందుగా మీ నాయనమ్మ పక్కన కూర్చొని, ఇప్పుడు కూలిపోయిన పశువుల కొట్టం, గడ్డివాము, వాకిలి ఎక్కడెక్కడ ఉండేవో అడిగి కాగితం మీద గీసుకో.

దాచిన నాణెం కంటే జారిపోయిన నాణెమే ఎక్కువగా దొరుకుతుంది. మగవాళ్లు ధోతి రొండిన, ఆడవాళ్లు కొంగుముడిలో పైసలు పెట్టుకొన్న కాలం గనుక అరుగు అంచున, చేదబావి గచ్చు చుట్టూ, కూరగాయల గంప దించే వాకిలి పక్కన, ఎండాకాలం మంచాలు వేసుకొనే వేపచెట్టు కింద మొదట వెతకాలి. చూరు నీళ్లు పడే వరుసను కూడా విడిచిపెట్టకు. వాకిట్లో పడ్డ చిల్లర వానకు కొట్టుకొచ్చి, జాలారు మలుపులో మట్టి పేరుకొనే చోట ఆగుతుంది. దర్వాజ ఎత్తిననాడు కడప కింద శాస్త్రానికి వేసిన నాణేల జోలికి మాత్రం పోవద్దు. అవి ఇంటివి, పైగా అక్కడ తవ్వితే మట్టిగోడ కదులుతుంది.

మన చెల్క నేలలో ఇనుము పాలు ఎక్కువ కాబట్టి, గ్రౌండ్ బ్యాలెన్స్, అంటే నేలలోని ఇనుముకు యంత్రం కూయకుండా చేసే సర్దుబాటు, సరిచేయకుండా నడిస్తే యంత్రం ఊరికే కూస్తుంది. ఏ లోహమూ లేని చోట చూసుకొని, కాయిల్‌ను, అంటే యంత్రం కింది చివరనున్న పళ్లెంలాంటి భాగాన్ని, నేల మీది నుంచి జానెడు ఎత్తుకు లేపుతూ దించుతూ, శబ్దం నిలకడగా అయ్యేదాకా సరిచేసుకో. పాత ఇంటి చుట్టూ మేకులు, రేకు ముక్కలు, సోడా మూతలు కోకొల్లలుగా ఉంటాయి. వాటి బాధ పడలేక ఇనుమును పూర్తిగా వినపడకుండా చేశావంటే, మేకు పక్కనే ఉన్న నాణెం కూడా దాని చాటున పోతుంది. చిన్న కాయిల్ వేసుకొని, ఒక ఊపు మీద మరో ఊపు సగం పడేటట్టు నిదానంగా నడవడమే మేలు. మంచి శబ్దం వచ్చినప్పుడు తొందరపడి తవ్వక, పక్కకు తిరిగి అడ్డంగా మరొకసారి ఊపి చూడు. నాణెమైతే సాధారణంగా రెండు దిక్కులా ఒకే రాగం పలుకుతుంది. వంగిన మేకైతే రెండోసారికి గొంతు మారుతుంది, లేదా మాయమవుతుంది.

తవ్వేటప్పుడు గడ్డపారతో నడినెత్తిన పొడవకు. శబ్దం వచ్చిన చోటికి నాలుగు వేళ్ల దూరంలో కుర్పితో చుట్టూ కోసి, మట్టి పెళ్లను పక్కకు లేపి, అందులో చేతితో వెతుకు. ఎంత లోతున దొరికిందో, పక్కన పెంకు ముక్కలున్నాయో బొగ్గు ఉన్నదో అక్కడే రాసుకో. గోదావరి ఒడ్డున కోటిలింగాలలో దొరికిన శాతవాహన నాణేలు చరిత్రకు అంతగా అక్కరకు వచ్చాయంటే, అవి ఏ ఊళ్లో దొరికాయో తెలియడం కూడా ఒక కారణం.

మన ఇంటి దగ్గర ఎక్కువగా దొరికేవి నిజాం కాలపు హాలీ సిక్కాలే. చార్మినార్ బొమ్మ ఉన్నవి, నలుచదరపు అణాలు, నడుమ చిల్లు ఉన్న చిన్న కంచు నాణేలు వస్తాయి. అక్కడక్కడ ఇంగ్లీషువాళ్ల కల్దార్ చిల్లర కూడా తగులుతుంది. ఉర్దూ అంకెలలో ఉన్న ఏడాది హిజ్రీ లెక్కది. 1362 అని ఉంటే అది మన లెక్కలో 1943. తెచ్చిన వెంటనే చింతపండుతో తోమి మెరిపించాలనే కోరికను ఆపుకో, రాగి మీద నిలిచిన ఆకుపచ్చని పొర పోతే దాని విలువ కూడా పోతుంది. మంచినీళ్లలో నానబెట్టి, మట్టిని మెల్లగా వదిలించి, నీడన ఆరబెట్టి, ఒక్కొక్కటి వేరుగా కాగితంలో చుట్టిపెట్టు.

ఇక చట్టం మాట. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం భూమిలో దాగి దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే, ఏం దొరికిందో, ఎక్కడ, ఎప్పుడు దొరికిందో కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. కుండ గాని, చెంబు గాని తగిలితే అక్కడే చేయి ఆపి, కదిలించకుండా తహసీల్దారుకు కబురు చేయి. ఓరుగల్లు కోట, రామప్ప, ఘన్‌పూర్ కోటగుళ్ల పరిసరాలలో యంత్రం సంచిలో నుంచి తీయనే వద్దు. మన పెరట్లోనైనా రాత్రిపూట దీపం పెట్టుకొని తవ్వకు. గుప్తనిధుల కోసమని ఊరంతా పుకారు లేస్తే పోలీసులకు జవాబు చెప్పుకోవలసి వస్తుంది.

ఇల్లు ఉమ్మడిది గనుక మీ చిన్నబాపుకు కూడా రాసి ఒప్పుదల తీసుకో. ఆయన సరేనంటే, వానలు తగ్గి నేల ఇంకా పదును మీద ఉన్నప్పుడే, దసరా దాటాక మొదలుపెట్టు.

ఇట్లు,
మీ పెద్దబాపు