బాత్రూం స్విచ్‌ల పక్కన జీఎఫ్‌సీఐ ఔట్‌లెట్: లైటు మాత్రం లైన్ వైపే ఉంచండి

లైటు, ఫ్యాన్ స్విచ్‌లున్న బాక్సులోనే జీఎఫ్‌సీఐ ఔట్‌లెట్ (కరెంటు లీకైతే వెంటనే ఆగిపోయే సాకెట్) కూడా పెట్టొచ్చా, లైటు వైర్లు దేనికి కలపాలి అని అడిగారు. పెట్టొచ్చు. డాలస్ దగ్గర మా పాత ఇంట్లో నేనే పెట్టాను. కాకపోతే మొదటిసారి తప్పుగా కలిపాను, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు ప్యానెల్లో బ్రేకర్ చూడండి. ఇక్కడ అమెరికాలో బాత్రూం ఔట్‌లెట్‌కి 20 ఆంప్స్ సర్క్యూట్, 12 గేజ్ వైరు ఉండాలి. 15 ఆంప్స్ లైట్ల సర్క్యూట్ నుంచి లాగకూడదు. ఆ 20 ఆంప్స్ సర్క్యూట్ వేరే బాత్రూం ఔట్‌లెట్లకు కూడా వెళ్తుంటే లైట్లు దానిమీద ఉండకూడదు.

తర్వాత బ్రేకర్ ఆపి, టెస్టర్‌తో చూసుకుని బాక్సు తెరవండి. ఔట్‌లెట్‌కి కావలసిన న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్ళే వైరు) ఉందా అన్నదే అసలు ప్రశ్న. తెల్ల వైరు ఒక్కటే వచ్చి నేరుగా స్విచ్‌కి బిగించి ఉంటే అది న్యూట్రల్ కాదు, అందులోనూ కరెంటు ఉంటుంది. మా హాల్ బాత్రూంలో అంతే. తెల్ల వైరుకు ఎవరో చుట్టిన నల్ల టేపు సగం ఊడి వేలాడుతోంది. అక్కడ ఔట్‌లెట్ ఆలోచన మానుకున్నాను. న్యూట్రల్ లేదు కదా, గ్రౌండ్ వైరు వాడెయ్యమని ఎవరు చెప్పినా వినకండి, ప్రాణాల మీదికి వస్తుంది.

జీఎఫ్‌సీఐ వెనక రెండు జతల స్క్రూలుంటాయి. ప్యానెల్ నుంచి వచ్చే వైర్లు లైన్‌కి. లోడ్‌కి ఏది కలిపితే దానికీ రక్షణ వస్తుంది, ట్రిప్ అయితే అదీ ఆగిపోతుంది. లోడ్ మీద పసుపు టేపు అంటించి ఇస్తారు. నేను ఆ టేపు పీకేసి లైటు, ఫ్యాన్ రెండూ లోడ్‌కే కలిపాను. మూడు వారాలు బాగానే నడిచింది. ఒక రాత్రి అమ్మ స్నానం చేస్తుండగా షవర్ మీదున్న పాత ఫ్యాన్‌లో ఆవిరి చేరి ట్రిప్ అయింది. ఇండియాలో కరెంటు లీకైతే పడిపోయేలా ఇళ్ళకు పెట్టే ఆర్‌సీసీబీ మామూలుగా 30 మిల్లీయాంప్స్‌ది, ఈ జీఎఫ్‌సీఐ మాత్రం 4 నుంచి 6 మిల్లీయాంప్స్ లీకేజీకే పడిపోతుంది. తడి టైల్స్ మీద చిమ్మచీకటి. "ఒరేయ్, కరెంటు పోయిందిరా" అని అమ్మ పిలిచిన గొంతు విని పరుగెత్తాను. దేవుడి దయవల్ల జారలేదు.

మర్నాడే మార్చాను. లైటుని లైన్ వైపు నుంచి చిన్న వైరు ముక్కతో స్విచ్‌కి ఇచ్చాను. షవర్‌కి సరిగ్గా పైనుండే ఫ్యాన్‌కి జీఎఫ్‌సీఐ రక్షణ ఉండాలని ఫ్యాన్ కంపెనీల సూచనల్లోనే ఉంటుంది, అందుకని కొత్త ఫ్యాన్ బిగించి దాన్ని లోడ్‌లోనే ఉంచాను. ఇక్కడే చాలామంది పొరబడతారు: ఫ్యాన్ న్యూట్రల్ లోడ్ తెల్ల స్క్రూకే వెళ్ళాలి. మిగతా న్యూట్రల్స్‌తో కలిపితే ఫ్యాన్ వేసిన ప్రతిసారీ ట్రిప్ అవుతుంది.

బాక్సు సైజు కూడా చూసుకోండి. జీఎఫ్‌సీఐ లావుగా ఉంటుంది, వైర్లను కుక్కితే నలిగిపోతాయి. మూడు కేబుళ్ళు, రెండు స్విచ్‌లు, ఒక ఔట్‌లెట్‌కి మా లెక్క సుమారు 30 ఘనపు అంగుళాలు వచ్చింది, మూడు గ్యాంగుల (పక్కపక్కన మూడు స్విచ్‌లు లేదా ఔట్‌లెట్లు పట్టే) బాక్సు వేశాను. పర్మిట్ కావాలేమో మీ సిటీలో కనుక్కోండి. వైర్లలో ఏది ఏదో అర్థం కాకపోతే అక్కడే ఆగి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

అంతా అయ్యాక లైటు, ఫ్యాన్ రెండూ వేసి టెస్ట్ బటన్ నొక్కండి. ఔట్‌లెట్, ఫ్యాన్ ఆగాలి, లైటు వెలుగుతూనే ఉండాలి.