ఊరంతా వద్దంటే విలీనం ఆగుతుందా?

ప్రశ్న: మాది అమలాపురం పక్క పల్లె. మా పంచాయతీని పట్టణంలో కలుపుతారని తెలిసి, రామాలయం అరుగు మీద మూతకు గాటు పెట్టిన బిస్కెట్ల డబ్బా ఉంచి చీటీలు వేయించాము. దాదాపు అందరూ వద్దన్నారు. బ్రిటన్‌లో ప్రజల ఓటుకు ప్రభుత్వం తలొగ్గినట్టే ఇక్కడా తలొగ్గాలి కదా?

జవాబు: తలొగ్గాలని ఏ చట్టమూ చెప్పడం లేదు. బ్రిటన్ ఉదాహరణ కూడా మీకు ఎదురు తిరిగేదే. ఐరోపా సమాఖ్య నుంచి వైదొలగాలని 2016 జూన్‌లో 51.9 శాతం మంది ఓటు వేసినప్పటికీ, ఆ ఫలితానికి దానంతటదిగా చట్టబలం లేదనీ, వైదొలగే నోటీసు ఇవ్వాలంటే పార్లమెంటు చట్టం చేయవలసిందేననీ అక్కడి సుప్రీంకోర్టు 2017 జనవరిలో తేల్చింది.

మన రాజ్యాంగంలో ఇలాంటి ఓటింగుకు నిబంధనే లేదు. గోవాను మహారాష్ట్రలో కలపాలా వద్దా అని 1967లో ఓటింగు జరిగిందంటే, అందుకోసం పార్లమెంటు అంతకుముందు ఏడాది ప్రత్యేకంగా ఒక చట్టం చేసింది. మీ డబ్బా వెనుక అటువంటిదేమీ లేదు. చీటీలను ఓటర్ల జాబితాతో సరిచూశారో లేదో కూడా మీరు రాయలేదు.

పట్టణ ప్రాంతాన్ని నిర్ణయించేటప్పుడు గవర్నరు జనాభా, జనసాంద్రత, స్థానిక పాలనకు వచ్చే ఆదాయం, వ్యవసాయేతర ఉపాధి శాతం, ఆర్థిక ప్రాధాన్యం, తగినవని తోచిన ఇతర అంశాలు చూడాలని రాజ్యాంగంలోని 243క్యూ అధికరణం చెబుతోంది. ఊరి ఇష్టాన్ని ఆ ‘ఇతర అంశాల’లో ఇరికించవచ్చును గాని, నా దృష్టిలో మీ అసలు బలం ఉపాధి లెక్కలో ఉన్నది. వరి చేలమీద, కొబ్బరి తోటలమీద బతికే కుటుంబాలను వీధివారీగా రాయించండి. చెట్టెక్కి కాయలు దింపే కార్మికులను కొబ్బరి ఒలుపు, పీచు పనివారితో కలపవద్దు. ఒలుపూ పీచూ వ్యవసాయం కాదని అవతలివారు వాదించే వీలుంది.

ముసాయిదా నోటిఫికేషన్ వెలువడి అభ్యంతరాలు కోరితే, ఆ వివరాలతో పాటు గ్రామసభ తీర్మానాన్ని కూడా జతచేసి, గడువులోపే దాఖలు చేసి, తేదీ ముద్రతో రసీదు తీసుకోండి. చట్టం కోరిన ఆ అవకాశం ఇవ్వకుండానే తుది ఉత్తర్వు వస్తే 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్ వేయవచ్చును. అయితే మహారాష్ట్రలోని కల్యాణ్ కార్పొరేషన్ ఏర్పాటు వివాదంలో సుప్రీంకోర్టు 1989లో ఇటువంటి నిర్ణయాన్ని శాసన స్వభావం గలదిగా, అంటే చట్టం చేయడం వంటిదిగా, పరిగణించినందున, చట్టంలో లేని అదనపు విచారణను కోర్టు ఇప్పిస్తుందని మాత్రం ఆశించవద్దు.